నోరు చిన్నది, కడుపు పెద్దది

శ్రీనగర్‌కు ఈశాన్యంగా, కొండల దిగువన, కరేవా అని పిలిచే ఎత్తయిన మెట్ట మీద ఉంది బూర్జహోమ్. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం. 1960-71 మధ్య అక్కడ జరిపిన తవ్వకాల్లో సుమారు 5000 ఏళ్ళ కిందటి కొత్త రాతియుగపు గోతులు బయటపడ్డాయి. గోతులే కదా అనుకోకండి, కొలతలు చూడండి. అన్నిటిలోకీ లోతైనదాని నోరు 2.74 మీటర్లు, అడుగు 4.57, లోతు 3.95. మన పల్లెల్లో ధాన్యం పాతర చూసినవాళ్ళు ఈ ఆకారాన్ని ఇట్టే గుర్తుపడతారు.

పైన ఇరుకు, కింద విశాలం. తవ్వేవాడికి ఇంతకంటే చిక్కు పని లేదు. దిగేకొద్దీ గోడను లోపలికి తొలుచుకుంటూ పోవాలి, నెత్తి మీదేమో మన్ను వేలాడుతుంటుంది. అయినా కూలలేదంటే ఆ నేల గుణం అది. గాలి మోసుకొచ్చి పేర్చిన మెత్తటి మన్ను, రాతి పనిముట్టుకు లొంగుతుంది, కోసింది కోసినట్టు నిలుస్తుంది. గొయ్యి గుండ్రంగా ఉండటంతో చుట్టూ ఉన్న మన్ను ఒకదానికొకటి ఆనుకుని బిగుసుకుంటుంది. రాతి ఉలులు పడ్డ గాట్లు గోడల మీద కనిపించాయి, కొన్నిటికి పైన మట్టి పూత కూడా ఉంది. గోడలు తిన్నగా వాలాయనుకుని లెక్క కడితే, ఆ ఒక్క గోతిలోంచే దాదాపు 42 ఘనపు మీటర్ల మన్ను తోడారు. అదంతా ఆ ఇరుకు నోట్లోంచే పైకి రావాలి మరి!

లోతైన గోతులకు మెట్లు చెక్కారు, అయితే అడుగుదాకా కాదు. మిగతా దూరం నిచ్చెనతో దిగేవారేమో. నోటి చుట్టూ గుంజలు పాతిన గుంటలున్నాయి. మాడిన భూర్జ బెరడు దొరికింది కనుక కప్పు దానితోనే వేసి ఉంటారు. ఈ బెరడు నీటిని దిగనివ్వదు. నోరు చిన్నదైతే కప్పూ చిన్నదే, దాని మీద పేరుకునే మంచు బరువూ తక్కువే. లోపలి వెచ్చదనం పోయే దారి కూడా ఇరుకే.

ఇవి చలికాలపు ఇళ్ళని తవ్వినవాళ్ళు అన్నారు. పొయ్యిలు నోటి దగ్గర, నేలమట్టంలో కూడా కనిపించాయి కాబట్టి వేసవిలో పైనే కాపురమని వాళ్ళ ఊహ. కాదు, ఇవి నిల్వ గోతులే అనే పండితులూ ఉన్నారు. పాతర ఎరిగిన మనకు ఆ అనుమానం సహజమే. కానీ గింజలు దాచే గోతికి అంత శ్రమపడి మెట్లు చెక్కుతారా? నా మొగ్గు ఇళ్ళ వైపే. నిల్వ కోసమైతే పక్కనే, మీటరు వెడల్పు కూడా లేని చిన్న గుంటలు వేరే ఉన్నాయి.

తర్వాతి తరాలు నేల మీద మట్టి ఇళ్ళు కట్టుకున్నాయి. పాత గోతులను పూడ్చి, పైన కరేవా మట్టితో అలికి, కొన్నిచోట్ల ఎర్రమట్టి రంగు కూడా పూసి, వాటినే గచ్చుగా వాడుకున్నాయి. ఆ పూడిక అడ్డుగా ఉండబట్టే వానకూ మంచుకూ గోడల అంచులు చెదరకుండా, ఈనాటి కొలతలకు అందాయి.