కదలకుండా కూర్చునే ఆ గంట

పని ఆగనంత కాలం మనిషిని ఎవరూ రోగి అనరు. కోహీర్, జహీరాబాద్ వైపు ఇలాంటివాళ్లు వీధికి నలుగురు కనిపిస్తారు. చీకటితోనే లేచి పటాన్‌చెరు దాకా డ్యూటీకి పోయే ఆయన, బడిలో అందరికంటే ముందే సిలబస్ పూర్తిచేసే టీచరమ్మ, లెక్కలో రూపాయి తేడా రానివ్వని గుమాస్తా, జామతోటలో కాపు దిగకముందే మార్కెట్ ధర గురించి నిద్ర పాడుచేసుకునే రైతు. బయటికి అన్నీ సక్రమంగా నడుస్తుంటాయి. లోపల మాత్రం బుగులు. నిద్రలో పండ్లు కొరుకుతారు, తెల్లారితే దవడ నొప్పి. భుజాలు బిగుసుకుపోయి ఉంటాయి, ఆ సంగతి వాళ్లకే తెలియదు. ఫోన్ మోగితే కడుపులో దేవినట్టవుతుంది. గ్యాస్ అనుకుని డాక్టర్ దగ్గరికి పోతారు, ఈసీజీ తీయించుకుంటారు, అంతా నార్మల్ అని కాగితం పట్టుకుని వస్తారు. మర్నాడు మళ్లీ అదే పరుగు.

దీన్ని ఇప్పుడు ‘హై ఫంక్షనింగ్ యాంగ్జైటీ’ అంటున్నారు. వైద్యుల రోగాల పట్టికల్లో ఆ పేరుతో విడిగా జబ్బేమీ లేదు. ఉన్నది ఆందోళనే, పని చెడకపోవడం వల్ల పైకి కనబడదంతే. ఇలాంటివాళ్లకు ‘టెన్షన్ పడకు’ అని చెప్పి లాభం లేదు. చెప్పాల్సినవన్నీ తమకు తామే రోజుకు వందసార్లు చెప్పుకుంటూనే ఉంటారు. వాళ్ల తలలో మాటలకు కొదవలేదు. బుగులు కాపురముండేది ఒంట్లో. అందుకే ఒంటి దారిన పోయే వైద్యం కావాలి. అలాంటి దారుల్లో నేను చూసినంతలో అన్నిటికంటే నిక్కమైనది, కోహీర్ నుంచి ఒక పూటలో వెళ్లి రాగలిగేంత దూరంలో, సంగారెడ్డి దగ్గరి కొండాపూర్‌లో ఉంది. విపశ్యన కేంద్రం, పేరు ధమ్మ కొండఞ్ఞ. కొండాపూర్ అంటే శాతవాహనుల నాణేలు బయటపడ్డ మట్టిదిబ్బల ఊరు, అక్కడ మ్యూజియం కూడా ఉంది. బౌద్ధం ఒకప్పుడు నడయాడిన నేల మీద ఈ పద్ధతి మళ్లీ మొలకెత్తడం నాకు చాలా సంతోషం.

చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. బుద్ధుడు నేర్పిన సాధన ఇక్కడ మరుగున పడిందనీ, అశోకుడి కాలంలో సోణుడు, ఉత్తరుడు అనే భిక్షువులు దాన్ని బర్మాకు చేర్చారనీ, అక్కడ గురుశిష్య పరంపరలో నిలిచిందనీ చెబుతారు. మనకు తేటగా తెలిసిన కథ బర్మా భిక్షువు లేడీ సయడో (1846-1923) దగ్గర మొదలవుతుంది. ఆయన తన శిష్యుడు సయా తెట్‌జీతో విపశ్యన బోధింపజేశాడు. తెట్‌జీ సన్యాసి కాదు, పొలం దున్నుకునే రైతు. సంసారులు సంసారులకు నేర్పే వరస అక్కడ పడింది. ఈ సంప్రదాయంలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే.

ఇక పద్ధతి. పదిరోజుల శిబిరంలో నేర్పుతారు. ఇక్కడ తొందరపడకూడదు.

మొదటి మూడు రోజులూ ఆనాపానే. ముక్కు పుటాల దగ్గర, పైపెదవి మీద ఉన్న చిన్న జాగాలో ధ్యాస నిలిపి, వచ్చే శ్వాసనూ పోయే శ్వాసనూ గమనించాలి. శ్వాసను పొడిగించకూడదు, బిగబట్టకూడదు, లెక్కపెట్టకూడదు, మంత్రం జోడించకూడదు. ప్రాణాయామం అలవాటున్నవాళ్లకు ఇది కొత్తగా ఉంటుంది. అక్కడ శ్వాస మన చేతిలో ఉంటుంది, ఇక్కడ దాన్ని దాని మానాన వదిలేస్తాం. ప్రతిదీ తన చేతిలో ఉంటే తప్ప ఊపిరాడని మనిషికి ఇది ఎంత కష్టమో, ఎంత మందో చూడండి. మొదటిరోజు శ్వాస గమనించగానే వాళ్లకు తెలియకుండానే దాన్ని సరిదిద్దబోతారు. ‘నేను బాగా చేస్తున్నానా’ అని లోపల మార్కులు వేసుకుంటారు. అక్కడ మార్కులు లేవు, ఎవరూ వేయరు. మూడోరోజుకి ఆ చిన్న జాగాలో ఇంతకుముందు ఎన్నడూ తెలియని సంగతులు తెలుస్తాయి: శ్వాస తాకే చోటు, లోపలికి పోయేటప్పుడు చల్లదనం, బయటికి వచ్చేటప్పుడు వెచ్చదనం, చిన్న దురద, చిన్న అదురు.

నాలుగోరోజు విపశ్యన ఇస్తారు. నడినెత్తి నుంచి కాలివేళ్ల దాకా ఒక్కో భాగం మీదుగా ధ్యాసను నడిపించాలి. వేడి, తిమ్మిరి, నొప్పి, బరువు, గుంజుడు, దడ... ఏది ఉంటే అది. ఏమీ తెలియని చోట కాసేపు ఆగి ముందుకు పోవాలి. ఎన్నో ఏళ్లుగా బిగబట్టుకుని బతికినవాళ్లకు ఛాతీ, కడుపు, దవడ దగ్గర ముందు ఏమీ తెలియదు. తర్వాత ఒక్కసారి తెలుస్తుంది, తెలిసిందంతా నొప్పే అయి ఉంటుంది. ఒక్కో భాగమూ వరసగా తేరుకున్నాక ధ్యాస తలనుంచి పాదాలదాకా అడ్డులేకుండా ధారలా పారే దశ కొందరికి వస్తుంది. అది ఎంతో హాయిగా ఉంటుంది. ఈ సంప్రదాయం గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది: ఆ హాయికి కూడా అంటుకోవద్దంటుంది. నొప్పి వస్తే తోసేయకు, హాయి వస్తే పట్టుకోకు, రెండూ పోయేవే. ఈ నిలకడకే సమత అని పేరు.

ఆ రోజునుంచే అధిష్ఠానం కూడా మొదలవుతుంది. రోజుకు మూడుసార్లు, గంటసేపు, కళ్లు తెరవకుండా, చేతులు, కాళ్లు కదపకుండా కూర్చోవాలి. మోకాలు మండుతుంది. ముక్కు మీద దురద పుడుతుంది. గోక్కోవాలన్న కోరిక ఎలా పుడుతుందో, ఎలా పెరుగుతుందో, గోక్కోకపోతే ఎలా కరిగిపోతుందో ఆ గంట చూపిస్తుంది. బుగులుతో బతికేవాళ్ల రోజంతా నడిచేది ఇదే గొలుసు మీద. ఛాతీలో బిగువు పుడుతుంది, మనసు దానికో కారణం వెతుకుతుంది, వెంటనే ఏదో ఒకటి చేసేస్తారు: ఫోన్ చూస్తారు, తాళం వేశామా అని మళ్లీ చూస్తారు, పంపిన లెక్క ఇంకోసారి కూడతారు. క్షణం ఊరట దొరుకుతుంది, బిగువు మళ్లీ వస్తుంది. ఆ గంటలో మాత్రం బిగువు వచ్చినా చేసేందుకు ఏమీ ఉండదు. కూర్చోవడమే. ఏమీ చేయకపోయినా అది పోయింది! ఈ సంగతి బుద్ధికి కాదు, ఒంటికి అర్థమవుతుంది. పానిక్‌కి ఇచ్చే చికిత్సల్లో కూడా గుండె దడను, కళ్లు తిరగడాన్ని కావాలనే తెప్పించి, పారిపోకుండా గమనించే పద్ధతి ఉంది. మనోవైద్యులు తర్వాతెప్పుడో చేరుకున్న ఈ చోటికి పొలం దున్నే తెట్‌జీ ముందే చేరుకున్నాడు.

మిగతా కట్టడి అంతా దీనికోసమే. తెల్లవారుజామున 4 గంటలకు గంట మోగుతుంది, రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పేస్తారు, మధ్యలో పది గంటలకు పైగా సాధన. ఫోన్, పుస్తకం, పెన్ను అన్నీ అప్పగించాలి. తొమ్మిది రోజులు మౌనం, పక్కవారితో సైగలు కూడా ఉండవు. ఆచార్యులను సందేహాలు అడగొచ్చు. మగవాళ్లకు, ఆడవాళ్లకు విడివిడిగా వసతి. సాయంత్రం కొత్తవాళ్లకు టీ, పండ్లు ఉంటాయి, రాత్రి భోజనం ఉండదు. పదోరోజు అందరి మేలు కోరే మైత్రి భావన నేర్పి మౌనం విడిపిస్తారు. రుసుము లేదు. శిబిరం పూర్తిచేసినవాళ్లు, తర్వాత వచ్చేవాళ్ల కోసం ఇచ్చే దానంతోనే అంతా నడుస్తుంది. పూర్తిచేయనివాడి దగ్గర దానం కూడా తీసుకోరు.

గురువుల గురించి చెప్పకుండా ఉండలేను. సయాజీ ఊ బా ఖిన్ (1899-1971) అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, బర్మా స్వతంత్రమైన 1948లో ఆ దేశపు అకౌంటెంట్ జనరల్ అయ్యాడు. 1937లో తెట్‌జీ దగ్గర నేర్చుకోవాలన్న ఆత్రంలో ఉద్యోగం పోయినా సరేనని బయలుదేరాడు. తిరిగొచ్చేసరికి బల్ల మీద కవరు కనిపించింది. ఉద్యోగం ఊడిందనుకుని విప్పితే పదోన్నతి ఉత్తర్వు! తర్వాత ఆఫీసులోనే ధ్యాన సంఘం పెట్టాడు, 1952లో రంగూన్‌లో కేంద్రం కట్టాడు, ఒకేసారి ఒకటికి మించిన శాఖలు మోస్తూనే శిష్యులకు నేర్పాడు. లెక్కల మనిషి, ఫైళ్ల మనిషి. మన టీచరమ్మలకు, గుమాస్తాలకు ఇంతకంటే దగ్గరి గురువు ఎక్కడ దొరుకుతాడు?

ఆయన దగ్గరికి 1955లో వచ్చిన మనిషి కథ ఇంకా పెద్దది. సత్యనారాయణ గోయెంకా 1924లో మాండలేలో మార్వాడీ ఇంట్లో పుట్టాడు. చిన్న వయసులోనే పెద్ద వ్యాపారి, సంఘాల నాయకుడు. లోపల మాత్రం భరించలేని మైగ్రేన్, దానికి మార్ఫిన్ సూదులు. దేశదేశాల డాక్టర్లకు చూపించుకున్నా తగ్గలేదు. పైకి అంతా గెలుపు, ఒంట్లో అంతా ఓటమి. ఇప్పుడు మనం హై ఫంక్షనింగ్ అంటున్నది సరిగ్గా ఇదే. తలనొప్పి తగ్గించుకోవడానికి వచ్చానంటే ఊ బా ఖిన్ ముందు చేర్చుకోలేదు. ఒంటి నొప్పి కోసం ధర్మాన్ని తక్కువ చేయకు, మనసు శుభ్రపడటానికి రా, జబ్బు దాని వెనకే పోతుంది అన్నాడట. పద్నాలుగేళ్లు ఆయన దగ్గర సాధన చేసి, 1969లో గోయెంకా భారతదేశం వచ్చాడు. ఆ జులైలో బొంబాయిలో ఒక ధర్మశాలలో మొదటి శిబిరం, కూర్చున్నది 14 మంది, వాళ్లలో ఆయన తల్లిదండ్రులూ ఉన్నారు. 1976లో హైదరాబాద్ నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మ ఖేత్త మొదలైంది, దేశంలో ఆ సంప్రదాయానికి తొలి కేంద్రం మన తెలుగు గడ్డ మీదే! తర్వాత నాగార్జునసాగర్, ఏలూరు దగ్గరి విజయరాయి, నిజామాబాద్ వైపు పోచారం, మన కొండాపూర్ వచ్చాయి. 1994లో తీహార్ జైలులో వెయ్యిమందికి పైగా ఖైదీలకు ఒకేసారి శిబిరం నడిపించాడు. వెయ్యిమంది ఖైదీలను నోరు మెదపకుండా అన్ని రోజులు కూర్చోబెట్టిన మనిషి ఇంకొకరున్నారేమో చెప్పండి. 2012లో పద్మభూషణ్ ఇచ్చారు, మరుసటి ఏడు వెళ్లిపోయాడు.

బర్మాలోనే మహాసి సయడో పద్ధతి కూడా ఉంది. పొట్ట లేవడం, దిగడం గమనిస్తూ, తోచినదానికల్లా మనసులో ఒక పేరు పెట్టుకుంటూ పోతారు. గౌరవించదగ్గదే. కానీ తలనిండా మాటలు తిరిగే మనిషికి ఇంకో మాట ఎందుకన్నది నా పట్టుదల. గోయెంకా పద్ధతిలో మాటే లేదు, ఒళ్లు తప్ప. అమెరికాలో 1979లో జాన్ కబాట్-జిన్ ఆస్పత్రి రోగుల కోసం మొదలుపెట్టిన కార్యక్రమంలో ‘బాడీ స్కాన్’ ఉంది. దాని వేరు ఊ బా ఖిన్ శిష్యుల దగ్గరే ఉంది. ‘సేపియన్స్’ రాసిన హరారీ తన తర్వాతి పుస్తకాన్ని గోయెంకాకే అంకితమిచ్చాడు. ప్రపంచం చుట్టి వచ్చిన విద్యను మనవాళ్లు ప్రపంచం మెచ్చాకనే గుర్తుపడతారు, అదే బాధ.

ఇప్పుడు అసలు బాధ చెప్పుకుంటాను. హైదరాబాద్ చుట్టూ రిసార్టుల్లో శని, ఆదివారాలు ‘మైండ్‌ఫుల్‌నెస్ రిట్రీట్’ అంటారు. చేతిలో ఫోన్, మధ్యాహ్నం బఫే, సాయంత్రం సెల్ఫీలు, వేలకు వేలు ఫీజు. పది నిమిషాల వీడియో చూసి ‘సోమాటిక్ కోచ్’ అని బోర్డు పెట్టుకున్నవాళ్లు ఒకేరోజులో ట్రామా వదిలిస్తామంటున్నారు. ఫోన్ యాప్‌లో గంట టంగుమంటుంది, ఎన్నిరోజులు వరసగా చేశావో లెక్క చూపిస్తుంది. ఆ లెక్క తప్పుతుందేమోనన్న బుగులుతో ధ్యానం చేసేవాళ్లను నేనెరుగుదును! ఒంటిని వినడం నేర్పిన ఎడ్మండ్ జాకబ్సన్, పీటర్ లెవీన్ లాంటివాళ్లు జీవితం ధారపోసి కట్టిన పద్ధతులు కూడా ఈ బోర్డుల కింద నలిగిపోతున్నాయి. ఈ నకళ్లు అమ్మేది హాయి ఒక్కటే. బుగులు మనిషికి హాయి ఇంకో టార్గెట్ అవుతుంది, దొరక్కపోతే ఇంకో ఓటమి అవుతుంది. సమతను తీసేసి సుఖాన్ని అమ్మితే ఆ వైద్యంలో మందే లేదు. ఇది మోసం. మోసమనే అంటాను.

అసలు సాధన అందరికీ కాదని కూడా అంతే గట్టిగా చెప్పాలి. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవాళ్లకు, చచ్చిపోవాలనిపించే స్థితిలో ఉన్నవాళ్లకు పదిరోజుల శిబిరం మేలు చేయదు, హాని చేయవచ్చు, చేసిన ఉదంతాలూ ఉన్నాయి. శిబిరం దరఖాస్తులోనే ఆరోగ్యం, వాడే మందుల గురించి అడుగుతారు. దాచకుండా రాయాలి. డాక్టర్ ఇచ్చిన మాత్రలు సొంతంగా ఆపేయకూడదు. ముందు డాక్టర్‌ను అడగండి. రాత్రిపూట ఒంటరిగా ఉక్కిరిబిక్కిరి అయితే టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. విపశ్యన ఆస్పత్రికి బదులు కాదని గోయెంకా సంప్రదాయమే చెబుతుంది. తన హద్దు తనే చెప్పే విద్యను నమ్మవచ్చు.

కొండాపూర్ వెళ్లాలంటే ముందుగానే దరఖాస్తు పెట్టాలి. ముందురోజు సాయంత్రం చేరాలి, పదకొండోరోజు ఉదయం బయటపడాలి. కాబట్టి సెలవు పన్నెండు రోజులకు పెట్టుకోండి. వదులు బట్టలు చాలు. ఇంటికొచ్చాక ఉదయం గంట, సాయంత్రం గంట కూర్చోవాలంటారు. అది ఇంకా కష్టం, అక్కడే చాలామంది జారిపోతారు. అందుకే కోహీర్, జహీరాబాద్‌లలో శిబిరం పూర్తిచేసినవాళ్లకు నా విన్నపం: వారానికోసారి ఏదో ఒక బడి గది అడిగి కలిసి కూర్చోండి. చాప పరిచే జాగా చాలు.

యజమానులకు కూడా ఒక మాట. మీ దగ్గర ఒక్కరోజు సెలవు పెట్టని మనిషి ఉంటే, ఆ మనిషికే ఈ సెలవు ముందు ఇవ్వండి. ఇళ్లలోని పెద్దలకు ఇంకో మాట: అన్నీ తనే చూసుకునే కోడలు, అన్నీ తనే చూసుకునే తల్లి పన్నెండు రోజులు ఇల్లు వదిలితే వంట ఎవరు చేస్తారని అడగకండి. మీరే చేయండి, పిల్లలను బడికి పంపండి, అత్తమామల మందులు చూసుకోండి, ఆమెను కొండాపూర్ బస్సెక్కించండి.