అద్దం మీద వాలిన వెలుగు

మొదటి డీఎస్ఎల్ఆర్ కొందామని దుకాణానికి వెళ్లినవాళ్లు, చేతికిచ్చిన కెమెరాని ముందుగా వెనక్కి తిప్పి తెర చూస్తారు. దాన్ని ఒక్కసారి కంటికి ఆనించమని నా ప్రార్థన. లెన్స్ బరువుని ఎడమ అరచేతిలో నిలపండి. మోచేతులు ఒంటికి చేర్చి, కనుబొమకు వ్యూఫైండర్ రబ్బరు తగిలేదాకా దగ్గరికి తీసుకోండి. చుట్టూ నలుపు. నడుమ వెలుగుతున్న ఒక దీర్ఘచతురస్రం. అందులో కౌంటర్ అవతలి మనిషి ముఖం. ఫోకస్ అందనంతసేపూ అది రంగుల మరక మాత్రమే. షట్టర్ బటన్‌ని సగం నొక్కగానే మరక ముఖమవుతుంది, ముఖానికి కనురెప్పల వెంట్రుకలు వస్తాయి, కంటిపాపలో దుకాణం దీపం మెరుస్తుంది. ఎన్నేళ్లుగా చూస్తున్నా ఈ తేరుకోవడం నాకు పాతబడలేదు.

మీరక్కడ చూస్తున్నది ఆ ముఖం మీద పడిన వెలుగునే. అది లెన్స్ గాజుల్లోంచి దూరి, 45 డిగ్రీల వాలున నిలబడ్డ అద్దం మీద పడి, పైకి మళ్లి, గరుకు గాజు పలక మీద రూపం కడుతుంది. అక్కణ్ణుంచి పెంటాప్రిజం అనే గాజు దిమ్మెలో మలుపులు తిరిగి మీ కంట్లోకి వస్తుంది. దారి పొడవునా అది వెలుగుగానే ఉంది, ఎక్కడా అంకెలుగా మారలేదు. అద్దం నడిభాగం కొద్దిగా పారదర్శకం. ఆ భాగంలోంచి జారిన కొంత వెలుగుని వెనకనున్న మరో చిన్న అద్దం కిందికి, కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్ల మీదికి పంపుతుంది. ఆ సెన్సర్లు లెన్స్ రెండు అంచుల నుంచి వచ్చిన రెండు రూపాల్ని పోల్చి చూస్తాయి, అవి కలవకపోతే ఎటు తిరగాలో లెన్స్‌కి చెబుతాయి. ఒకే వెలుగు మనిషి కంటికీ యంత్రానికీ రెండు పాయలుగా చీలి అందుతుందన్నమాట. ఇంత సొగసైన ఏర్పాటు మనిషి చేతి పనిముట్లలో అరుదు.

ఈ దారి పడటానికి చాలా కాలం పట్టింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ (1844–1905) నాటి పెద్ద పెట్టె కెమెరాల్లో గరుకు గాజు వెనకనే ఉండేది. నల్లగుడ్డ కప్పుకుని చూస్తే దాని మీద లోకం తలకిందులుగా, కుడిఎడమలు తారుమారై కనిపించేది. ఫోకస్ చూసుకున్నాక ప్లేటు పెట్టాలి, పెట్టాక ఇక గాజు కనపడదు. చూసిన క్షణం ఒకటి, తీసిన క్షణం ఇంకొకటి. ఆయన తీసిన హైదరాబాదు మహళ్ల ఫొటోల్లో స్తంభాలు నిక్కచ్చిగా నిలబడ్డ తీరు చూసినప్పుడల్లా, తలకిందులైన లోకాన్ని మనసులో నిలబెట్టుకోగలిగిన ఆ కన్నుకు దండం పెట్టాలనిపిస్తుంది.

1936లో జర్మనీలోని డ్రెస్డెన్ నుంచి వచ్చిన కైనె ఎగ్జాక్టా, 35 ఎంఎం ఫిల్ముకి అద్దం జత చేసింది. బొమ్మ నిటారుగా నిలిచింది గానీ కుడిఎడమల తారుమారు అలాగే మిగిలింది, కెమెరాని నడుము దగ్గర పట్టుకుని తల వంచి చూడాలి. 1949 నాటి కాంటాక్స్ ఎస్‌లో పెంటాప్రిజం ఆ తారుమారుని సరిదిద్ది, కెమెరాని కంటిదాకా లేపింది. అప్పటికీ ఫొటో తీశాక అద్దం పైనే ఉండిపోయేది, ఫిల్ము తిప్పేదాకా వ్యూఫైండర్‌లో చీకటే. 1954లో జపాన్ అసాహీఫ్లెక్స్‌లో అద్దం తనంతట తాను తిరిగి వాలింది. 1959లో నికాన్ ఎఫ్ వచ్చింది. 1991లో కోడాక్ వాళ్లు నికాన్ ఎఫ్3 బాడీకి 13 లక్షల పిక్సెళ్ల సెన్సర్ అమర్చినప్పుడు ఫిల్ము పోయింది గాని వెలుగు నడిచే దారి చెక్కుచెదరలేదు.

ఇక ఎంపిక సంగతి. నేను బాగా ఎరిగిన జంటనే తీసుకుంటాను: 2015 నాటి నికాన్ డీ7200, 2018 నాటి నికాన్ డీ3500. రెండింటి ఫొటో కొలతా 6000×4000 పిక్సెళ్లే, అంటే 24 మెగాపిక్సెళ్లు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 20 అంగుళాల వెడల్పున అచ్చు వేసుకోవచ్చు. పగటి వెలుతురులో ఒకే లెన్స్‌తో రెండింటితోనూ తీసి, అచ్చువేసి పక్కపక్కన పెడితే ఏది దేనిదో గుర్తుపట్టడం నా వల్ల కాదు. డీ3500 బ్యాటరీ, కార్డుతో కలిపి 415 గ్రాములు, డీ7200 అదే లెక్కన 765 గ్రాములు. బరువు దాదాపు రెట్టింపు, ఫొటో ఇంచుమించు అదే. అయినా డీ7200 వైపే నా మనసు మొగ్గుతుంది. ఎందుకో చెబుతాను.

డీ3500లో గాజు దిమ్మె ఉండదు. దాని బదులు బోలు పెట్టెలో అద్దాలు అతికించి వెలుగుని మలుపుతారు, దాన్ని పెంటామిర్రర్ అంటారు. తేలిక, చవక. కానీ ప్రతి అద్దం దగ్గరా కొంత వెలుగు ఖర్చయిపోతుంది, కంటికందే బొమ్మా చిన్నది. డీ3500 వ్యూఫైండర్ మాగ్నిఫికేషన్ 0.85, డీ7200ది 0.94. కాగితం మీద ఈ అంకెలు పక్కపక్క ఇళ్లలా ఉన్నాయి. కన్ను పెట్టి చూస్తే మాత్రం మొదటిది గది అవతలి గోడకు తగిలించిన పటంలా ఉంటుంది, రెండోది మీరు లోపలికి అడుగుపెట్టగలిగేంత దగ్గర.

అంచుల సంగతి ఇంతకంటే పెద్దది. డీ3500 చూపేది నిలువునా అడ్డంగా 95 శాతం. రెండువైపులా అయిదేసి శాతం పోతే వైశాల్యంలో దాదాపు పదో వంతు మీరు చూడకుండానే ఫొటోలోకి వస్తుంది. మీరు ముగ్గు మీద వంగిన అమ్మాయిని కూర్చుకుంటారు, ఇంటికొచ్చి చూస్తే మూలన ప్లాస్టిక్ బకెట్ చెవి. కత్తిరించుకోవచ్చు కదా అంటారు. కత్తిరించుకోవచ్చు. కానీ అంచు దగ్గర దేన్ని ఉంచాలో దేన్ని వదలాలో అప్పటికప్పుడే తేల్చుకునే కంటికీ, తర్వాత చూసుకుందాంలే అనుకునే కంటికీ చాలా తేడా. డీ7200 నూటికి నూరు శాతం చూపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఈ కచ్చితమైన అంచు మరీ అవసరమని నా నమ్మకం, ఎందుకంటే కూర్పు అనేది అంచుల దగ్గరే మొదలవుతుంది. కెనాన్ వైపు వెళ్లినా కథ ఇదే: 200డీలో పెంటామిర్రర్, 80డీలో పెంటాప్రిజం, నూరు శాతం అంచు.

ఆలంకారికుడు అభినవగుప్తుడు సహృదయుణ్ణి నిర్వచిస్తూ, కావ్యాల అభ్యాసం వల్ల మనసనే అద్దం నిర్మలమై, వర్ణించిన దానితో తన్మయం కాగల యోగ్యత పొందినవాడన్నాడు. ఫొటోగ్రఫీలో ఆ అభ్యాసం జరిగే చోటు వ్యూఫైండర్ అని నాకు గట్టిగా అనిపిస్తుంది. అక్కడ గంటల తరబడి బటన్ నొక్కకుండా చూస్తూ కూర్చోవచ్చు. ఎదుటి డాబా మీద ఆరేసిన చీర గాలికి లేచినప్పుడు దాని వెనక గోడ రంగు ఎలా మారుతోందో, సాయంత్రం నీడ ఎదురింటి అరుగు ఎప్పుడు ఎక్కుతుందో గమనించవచ్చు. తన్మయత్వానికి స్థలం కావాలి. ఇరుకు వ్యూఫైండర్‌లో కన్ను త్వరగా అలిసిపోతుంది.

మీటని తుదిదాకా నొక్కినప్పుడు జరిగేది మరో అద్భుతం. మన పెళ్లిళ్లలో సుముహూర్తానికి అడ్డుతెర దించుతారు. జీలకర్ర బెల్లం తలల మీద పెట్టుకుని వధూవరులు ఒకరినొకరు చూసుకుంటారు. పందిట్లో అందరూ ఆ చూపుని చూస్తారు. ఫొటోగ్రాఫర్ మాత్రం చూడడు. ఆయన మీట నొక్కగానే అద్దం పైకి లేచి కంటికి వెళ్లే దారి మూసేస్తుంది. ఆ రెప్పపాటులో ఆయనకున్నది చీకటి, చప్పుడు. అద్దం లేవడం, తెరలు దూకడం, అద్దం వాలడం అన్నీ కలిసిన ఒక పొట్టి చప్పుడు. సెకనులో 500వ వంతు పెట్టుకుని ఉంటే, సెన్సర్ కూడా దృశ్యాన్ని మొత్తంగా ఒకేసారి చూడదు. రెండు తెరల నడుమ సన్నటి చీలిక దాని మీదుగా పరుగెత్తి, ఆ చూపుని గీతలు గీతలుగా వెలుగులో తడుపుతుంది. అద్దం వాలేసరికి వధువు తల దించుకుని ఉంటుంది.

తీసినదాన్ని తీసినవాడే చూడలేదు. అందుకే ఈ కెమెరాతో పనిచేసేవాడు ముందే చూడటం నేర్చుకుంటాడు. రాబోయే చూపుని అరక్షణం ముందుగా ఊహించి మీట నొక్కాలి, చీకటిని నమ్మాలి. అనుభవమున్న పెళ్లి ఫొటోగ్రాఫర్లు చప్పుడు విని పడిందో లేదో చెప్పగలరు. ఆ నమ్మకంలో నాకు గొప్ప అందం కనిపిస్తుంది.

లెన్స్ విషయంలో నా మాట ఇంకా సూటిగా ఉంటుంది. కిట్‌లో వచ్చే 18–55 ఎంఎం లెన్స్‌ని తక్కువ చేయను, పగలు అది మంచి పనిమంతురాలు. అయితే 55 దగ్గర దాని అపర్చర్ ఎఫ్5.6 దాటి తెరుచుకోదు. 2009లో వచ్చిన నికాన్ 35 ఎంఎం ఎఫ్1.8 డీఎక్స్ లెన్స్ 200 గ్రాముల చిన్న వస్తువు. ఎఫ్1.8 దగ్గర అది ఎఫ్5.6 కంటే సుమారు పది రెట్లు వెలుగుని లోపలికి వదులుతుంది. లాంతరు వెలుగులో దోసెలు పోసే బండి, కార్తీక మాసంలో కోనేటి మెట్ల మీద దీపాల వరస, కిటికీ పక్క మంచం మీద నిద్రపోతున్న అవ్వ, ఇవన్నీ ఫ్లాష్ కొట్టకుండానే, వాటి వెలుగు వాటికే ఉంచి తీసుకోవచ్చు. ఈ సెన్సర్ల మీద 35 ఎంఎం, ఫిల్ము లెక్కలో 52 ఎంఎం దగ్గరి చూపునిస్తుంది. సాగదీయదు, కుదించదు, మనిషికి మనిషి ఎదురుగా కూర్చున్నంత దూరం.

ఇందులో ఒక చిన్న రహస్యం ఉంది. ఇప్పటి వ్యూఫైండర్లలోని గరుకు గాజు సుమారు ఎఫ్2.8 దాకానే లెన్స్ తెరపుని కంటికి చూపగలదు. అంతకు మించి తెరిచిన లెన్స్ ఇచ్చే మెత్తదనం కంటికి పూర్తిగా కనిపించదు. ఫొటో తెర మీద తెరిచి చూసినప్పుడు, వెనకనున్న దీపాలు మీరు చూసిన దానికంటే పెద్ద గుండ్రాలై, అవ్వ చెవిపోగు దగ్గర మొదలైన మసక జడ దాకా సాగి ఉంటుంది. లెన్స్ తన వాటా కానుకని చివరిదాకా దాచిపెట్టుకుంది. తెరిచిన ప్రతిసారీ నా గుండె చిన్నగా దూకుతుంది.

నికాన్ 1959 నాటి లెన్స్ మౌంట్‌నే డీఎస్ఎల్ఆర్‌లకూ కొనసాగించింది. ఫొటోగ్రాఫర్ స్టీవ్ మకరీ 1984లో పాకిస్తాన్‌లోని శరణార్థి శిబిరంలో ఆకుపచ్చ కళ్ల అఫ్ఘాన్ బాలికను తీసింది 105 ఎంఎం ఎఫ్2.5 నికార్‌తో. ఆ రకం లెన్స్‌లు సెకండ్ హ్యాండ్‌లో ఇంకా దొరుకుతాయి. డీ7200 మెనూలో లెన్స్ వివరాలు నింపితే చాలు, వెలుగు కొలిచి చెబుతుంది. డీ3500కీ ఆ లెన్స్ ఎక్కుతుంది గాని వెలుగు కొలత ఇవ్వదు. లోహపు బిగువున్న ఆ ఫోకస్ రింగుని వేలితో తిప్పుతుంటే, నూనె పట్టిన నెమ్మది నిరోధం వేలి కొసకి తెలుస్తుంది. కంటిలో బొమ్మ తేరుకునే వేగం వేలి వేగమే. ఆటోఫోకస్ ఎంత గొప్పదైనా ఈ సుఖం దానిలో లేదు.

అద్దం లేని కెమెరాల కాలంలో ఇదంతా ఎందుకని అడగవచ్చు. పెద్ద కంపెనీల దృష్టి ఇప్పుడు వాటి మీదే. వాటి ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో రాబోయే ఫొటో ముందే కనిపిస్తుంది, చీకట్లో కూడా చూపు అందుతుంది. జీవనోపాధికి కొనేవాళ్లు వాటినే చూడాలి. చూడటం నేర్చుకోవడానికి కొనేవాళ్లకి మాత్రం, కంటికీ లోకానికీ మధ్య గాజు తప్ప మరేదీ లేని కెమెరా కావాలని నేననేది. పైగా చాలామంది తమ డీఎస్ఎల్ఆర్‌లని అమ్మేసుకోవడంతో మంచి డీ7200లు సెకండ్ హ్యాండ్‌లో అందుబాటుకొచ్చాయి. దాని షట్టర్‌ని నికాన్ లక్షా యాభై వేల ఫొటోల దాకా పరీక్షించింది. ఫొటో ఫైల్ వివరాల్లో షట్టర్ కౌంట్ దొరుకుతుంది, అడిగి చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు తేమ ఊళ్ల నుంచి వచ్చిన లెన్స్ అయితే టార్చి వేసి లోపలి గాజు మీద సన్నటి ఫంగస్ దారాలున్నాయేమో చూడాలి. వ్యూఫైండర్‌లో దుమ్ము నలుసు కనిపిస్తే బెంగపడక్కర్లేదు, అది గరుకు గాజు మీదిది, ఫొటోలోకి రాదు.

వీలైతే సాయంత్రం వెళ్లండి. దుకాణం ట్యూబులైట్ల కింద కాకుండా గుమ్మం దగ్గర, వీధిలో దీపాలు వెలిగే వేళ, ఒకే 35 ఎంఎం లెన్స్‌ని రెండు బాడీలకూ మార్చి మార్చి తగిలించమని అడగండి. అదే పూల కొట్టుని, అదే ఆటోని, బస్సు కోసం నిలబడ్డ అదే మనిషి ముఖాన్ని రెండింటిలోంచీ చూడండి. ఫొటో తీయకండి. డీ7200లోంచి డీ3500కి వచ్చినప్పుడు ఏదో పోగొట్టుకున్నట్టు మీ కంటికి అనిపిస్తే బరువు గురించి ఆలోచించకుండా డీ7200 తీసుకోండి. అలా అనిపించకపోతే డీ3500 హాయిగా తీసుకుని, మిగిలిన డబ్బుతో ఆ 35 ఎంఎంని కూడా ఇంటికి తెచ్చుకోండి.