హాస్యగాడు ఎవరి పక్షం?

జానపద కళారూపాన్ని యథాతథంగా ఉంచి వస్తువును మారిస్తే చాలునన్న అభిప్రాయం మన రచయితల్లో బలంగా ఉంది. హాస్యగాడి పాత్రను పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదని నేననుకుంటున్నాను.

తోలుబొమ్మలాటలో కేతిగాడినే తీసుకుందాం. రామరావణ యుద్ధం నడుస్తుండగానే తెర మీదికి దూకుతాడు. అతనికి కాలనియమం లేదు, స్థలనియమం లేదు. రాముడు పద్యం చదివితే కేతిగాడు వాడుకభాషలో ఊరి సంగతులెత్తుతాడు, పెద్దమనుషులను ఎద్దేవా చేస్తాడు. పురాణపాత్రలకు లేని ఈ స్వేచ్ఛను అతనికిచ్చింది సంప్రదాయమే. అయితే అదే సంప్రదాయం అతని పక్కన బంగారక్కను నిలబెట్టింది. వాళ్లిద్దరి తగాదాలో నవ్వు పుట్టేది చాలావరకు ఆడదాని శీలం మీద, శరీరం మీద విసిరే మాటల నుంచే. దొరను వెక్కిరించే నోరూ, ఆలిని తిట్టే నోరూ ఒక్కటే. భూస్వామ్య సమాజం హాస్యగాడికి అనుమతించిన స్వేచ్ఛకు హద్దు ఇదే.

బుర్రకథలో కథకుడికి ఇరుపక్కలా ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం చెబితే, మరొకరు రాజకీయం చెబుతారు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ రూపాన్ని చేపట్టి, జమీందారీ వ్యతిరేక, నిజాం వ్యతిరేక పోరాటాలకు గొంతుగా మలిచింది. తర్వాతి కాలంలో కుటుంబ నియంత్రణ ప్రచారానికీ ఇదే రూపాన్ని వాడారు. నేను విన్న అలాంటి కథల్లో రూపం చెక్కుచెదరలేదు. అదే తంబురా, అదే తందాన. కాని నవ్వు మాత్రం పిల్లలెక్కువైన నిరక్షరాస్యుడైన కూలీ మీదికి మళ్లింది. అతని కూలి ఎందుకంత తక్కువన్న ప్రశ్న హాస్యపు వంత నోట రాలేదు. రూపం తనంతట తాను ప్రజల పక్షం వహించదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

మన దళాల ప్రదర్శనల్లో సైతం నత్తివాడు, గూనివాడు, గయ్యాళి భార్య నవ్వుకు సరుకవుతున్నారు. జనం నవ్వుతున్నారు కదా అనడం సమాధానం కాదు. కథను ఆపి ప్రశ్నించే హక్కు హాస్యగాడి సంప్రదాయంలోని సారం. దాన్ని నిలుపుకోవాలి. బలహీనుణ్ణి కించపరచి నవ్వించడం దానికి పట్టిన మకిలి. దాన్ని కడిగివేయాలి.

ఆ హక్కును కేతిగాడి నుంచి బంగారక్కకు కూడా పంచి చూడండి. సీత అగ్నిప్రవేశ ఘట్టంలో ఆమె తెర మీదికి వచ్చి కథను ఆపుతుంది. అప్పుడు ఆమె ఏమడుగుతుందో, కేతిగాడు ఏం జవాబు చెబుతాడో రాయవలసిన బాధ్యత మన రచయితలదే.