తిట్టే చనువు

ఆపదలో దేవుణ్ణి నమ్ముకోవడమంటే నోరెత్తకుండా చేతులు కట్టుకుని నిలబడటమే అనుకునేవారు భద్రాచల రామదాసును ఒకసారి మనసుపెట్టి వినాలి.

నేలకొండపల్లిలో పుట్టిన ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణాకు తహసీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాద్రి రాముడికి గుడి కట్టించాడని గోల్కొండ తానీషా (పాలన 1672–1687) ఆయన్ని చెరలో వేయించాడు. పన్నెండేళ్ల చెర అంటారు. ఆ బందీఖానాను కోటలో ఇప్పటికీ చూపిస్తారు.

చెరలో పాడాడని చెప్పే ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తన చూడండి. భక్తుడు దేవుడికి లెక్క అప్పజెబుతున్నాడు. ప్రాకారానికి ఇంత, భరతుడి పచ్చల పతకానికి ఇంత, సీతమ్మ చింతాకు పతకానికి ఇంత! ఒక్కో నగకూ ఒక్కో చరణం. చివరికి రాముడి కలికితురాయి దగ్గరకు వచ్చేసరికి కోపం కట్టతెగుతుంది. ఇది మీ నాన్న పెట్టాడా, మీ మామ పంపాడా అని నిలదీస్తాడు. అయితే ఎంత మాటన్నా పాదం చివర రామచంద్రుడి పేరే పలుకుతుంది. తిట్టు ముగిసే చోట ఆ పేరు తప్ప మరో పేరుకు తావు లేదు. నిందాస్తుతి కిటుకంతా అక్కడే ఉందని నా నమ్మకం. రామదాసు రాసిన దాశరథీ శతకంలోనూ అంతే, గోడు ఎంత వెళ్లబోసుకున్నా ప్రతి పద్యమూ రాముణ్ణి దయాసముద్రుడని పిలిచే మకుటంతోనే ముగుస్తుంది.

ఇంకో కీర్తనలో సీతమ్మను ఆశ్రయిస్తాడు. అయ్యతో ఏకాంతంగా ఉన్న వేళ నా సంగతి ఒక్కమాట చెప్పమ్మా అని వేడుకుంటాడు. శ్రీవైష్ణవులు దీన్నే పురుషకారం అంటారు. తల్లి సిఫార్సు చేస్తే తండ్రి కాదనడన్న ధీమా అది. శరణాగతికి వాళ్లు చెప్పే ఆరు అంగాల్లో రక్షిస్తాడన్న గట్టి నమ్మకం ఒకటి, తనకు వేరే దిక్కు లేదని ఒప్పుకోవడం మరొకటి. రామదాసు గొడవలో ఈ రెండూ కలిసే ఉన్నాయి. వినేవాడున్నాడని నమ్మనివాడు అంతసేపు లెక్కలు చెప్పడు కదా!

రామోజీ, లక్ష్మోజీల పేర్లతో రామలక్ష్మణులిద్దరూ వచ్చి తానీషాకు ఆరు లక్షల మొహరీలు చెల్లించిన కథ తెలుగువారందరికీ తెలిసిందే. నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం అంతకు ముందటి కాలం. తలుపు తెరుచుకోలేదు, జవాబు రాలేదు, అయినా పాట ఆగలేదు.

కచేరీల్లో వేళ చాలక ‘ఇక్ష్వాకు కులతిలక’లో కొన్ని చరణాలే పాడటం మామూలే. నగల జాబితాలో ఏది వదిలినా ఫర్వాలేదు. కలికితురాయి తర్వాత వచ్చేవాటిని మాత్రం వదలకూడదు. దెబ్బలకు ఓర్చుకోలేక తిట్టాను, మనసులో పెట్టుకోకయ్యా అని ఆయన బతిమాలుకునేది అక్కడే. ఆ వెంటనే, భక్తులందరినీ ఏలే నువ్వు నన్నూ ఏలుకో అని అడుగుతాడు.