ఎవరు? ఎలాంటివారు?: గూచీ బ్లూమ్, మన రాధామనోహరం

సెంటు డబ్బా మీదా ప్రకటనల్లోనూ కనపడే నాలుగు వాక్యాలు కూడా ఒక సాహిత్య ప్రక్రియే. దానికీ లక్షణాలున్నాయి. ఒక పువ్వు, ఒక తోట, చివర్లో ఒక స్త్రీ. ఆ స్త్రీకి కొన్ని విశేషణాలు: ధైర్యవంతురాలు, స్వేచ్ఛాజీవి, తనదైన దారిలో నడిచే మనిషి. వారఫలాలు రాసేవాళ్ల కిటుకే ఇక్కడా పనిచేస్తుంది. చదివిన ప్రతివాళ్లకీ ‘ఇది నా గురించే’ అనిపించాలి.

2017లో వచ్చిన గూచీ బ్లూమ్ ఈ ప్రక్రియకి మంచి ఉదాహరణ. అప్పటి గూచీ క్రియేటివ్ డైరెక్టర్ అలెస్సాండ్రో మికేలె ఆలోచన, అల్బెర్తో మొరియాస్ తయారీ. లేత గులాబీ రంగు చదరపు సీసా. లోపల ముఖ్యంగా మూడు పూలు: ట్యూబ్‌రోజ్, మల్లెమొగ్గ, రంగూన్ క్రీపర్. ఈ మూడోది దక్షిణ భారతదేశపు పువ్వనీ, సెంట్లలోకి కొత్తగా వచ్చిందనీ కంపెనీ గొప్పగా చెప్పుకుంది.

ఇప్పుడా పేర్లని మన పేర్లలోకి మార్చి చూడండి. ట్యూబ్‌రోజ్ అంటే మన పూలకొట్లో లిల్లీ. పెళ్లిదండలోనూ అదే, చనిపోయినవాళ్ల ఫొటోకి వేసే దండలోనూ అదే. మల్లెమొగ్గ గురించి చెప్పక్కర్లేదు. విచ్చుకున్న మల్లెని మనం కొనం కూడా, అది జడలోకి వెళ్లాకే విచ్చుకోవాలి. రంగూన్ క్రీపరేమో రాధామనోహరం. మా నర్సీపట్నంలో గేటు మీద కమానులా పాకించుకునే తీగ. ‘రంగం పోయాడు’ అంటే రంగూన్‌కి కూలికెళ్లాడని అర్థమయ్యే ఉత్తరాంధ్రలో, రంగూన్ పేరున్న ఈ పువ్వు వింతేమీ కాదు. మా వీధి గోడ మీది పూలగుత్తే సీసాలో చేరి వేల రూపాయల వస్తువైంది.

వాసన సంగతికొస్తే, బ్లూమ్ బాగుంటుంది. ముందు లిల్లీ వస్తుంది, కాస్త పచ్చికాడ వాసనతో, పాలమీగడలాంటి చిక్కదనంతో. వెనకే మల్లె. రాధామనోహరాన్ని విడిగా పట్టుకోవడం కష్టం, అడుగున ఏదో పౌడరు మెత్తదనంలా తగులుతుంది. నా ఫిర్యాదు ఒకటే. పది నిమిషాలకి ఎలా ఉందో నాలుగ్గంటలకీ ఇంచుమించు అలాగే ఉంటుంది. వేరే ఏ పువ్వు సెంటైనా దీన్ని తప్పుపట్టేవాణ్ణి కాదు. కానీ రాధామనోహరం గొప్పతనమంతా మారడంలోనే ఉంది. సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీరంగు, ఆపైన ఎరుపు. రాత్రి ఆ తెలుపుకీ సువాసనకీ పొడవాటి తొండమున్న పెద్ద చిమ్మటలొస్తాయి. పగలు రంగు చూసి తేనెటీగలూ పిట్టలూ వస్తాయి. ఒకే గుత్తిలో మూడు రోజుల వయసు తేడాలు మూడు రంగుల్లో కనపడతాయి. అలాంటి పువ్వు పేరు పెట్టుకున్న సెంటు కదలకుండా ఒకచోటే ఉండటం నాకు లోపంగానే అనిపించింది.

సరే, మనిషి స్వభావం మాటేమిటి? నేను మగవాణ్ణి. ఓ రోజు ఆఫీసుకి బ్లూమ్ కొట్టుకునే వెళ్లాను. నాలో దాగిన ధైర్యవంతుణ్ణి ఎవరూ గుర్తుపట్టలేదు. పక్క సీటతను మాత్రం “పెళ్లికెళ్లొచ్చావా?” అనడిగాడు. సెంటు ప్రకటనల మీద ఇంతకన్నా మంచి విమర్శ నేను వినలేదు. మన ముక్కుకి పూలవాసన చెప్పేది సందర్భం. పెళ్లి, గుడి, పేరంటం, తొలిరాత్రి, లేదా చావు.

మన కావ్యాలు ఈ సంగతిని ఎప్పుడో పట్టుకున్నాయి. పెద్దన మనుచరిత్రలో హిమాలయాల్లో దారితప్పిన ప్రవరుడికి వరూధిని కంటే ముందు ఆమె తాంబూలం వాసన తగులుతుంది, కస్తూరీ కర్పూరమూ కలిసిన గాలి. ఆ గాలి ఇక్కడో ఆడమనిషి ఉందని చెప్పి ఊరుకుంటుంది. ఆమె ఎలాంటిదో ఆమె నోరు విప్పాకే తెలుస్తుంది. నంది తిమ్మన పారిజాతాపహరణంలో ఇంకా తమాషా. నారదుడు తెచ్చిన పువ్వుని కృష్ణుడు రుక్మిణికిస్తాడు. ఆ పువ్వు పట్టమహిషి హోదాకి గుర్తవుతుంది. కానీ చదవడం అయ్యాక మనకి గుర్తుండిపోయేది సత్యభామ. పువ్వు అందినావిడకి హోదా వచ్చింది, అందని ఆవిడకి వ్యక్తిత్వం వచ్చింది!

పువ్వు హోదాని చెబుతుందన్న మాట కావ్యాల్లో ఉన్నంతసేపూ అందంగానే ఉంటుంది. ఇళ్లల్లోకి వస్తే అది వేరే. మా పెద్దనాన్న పోయాక పెద్దమ్మ తల్లో పూలు ఆగిపోయాయి. పెళ్లి కాకముందు పెట్టుకుంది, పసుపుకుంకాల్లో భాగంగా పెట్టుకుంది, తర్వాత వాటితోపాటే పోయాయి. పెరట్లో మల్లెపొద మాత్రం అలాగే పూసేది. సాయంత్రం మొగ్గలు కోసి, మాల కట్టి, కోడళ్లకీ మనవరాళ్లకీ మూర చొప్పున ఇచ్చేది. ఆఖర్న చేతులు కడుక్కునేది. ఆవిడకి పూలంటే ఇష్టమా అని ఇంట్లో ఎవరూ అడిగినట్టు నాకు గుర్తులేదు.

ఒకసారి పండక్కి వెళ్లినప్పుడు, మా చెల్లెలు నా బ్లూమ్ సీసా తీసి ఆవిడ మణికట్టు మీద కొట్టింది. పెద్దమ్మ వాసన చూసింది. “లిల్లీపూలు” అంది. కాసేపాగి మళ్లీ చూసి, “ఇదైతే అగుపడదు కదేటి” అంది. రెండో చెయ్యి కూడా చాపింది.

నా దృష్టిలో ఈ సెంటు చేసే అసలు పని అదే, ఏ ప్రకటనలోనూ రాయనిది. పువ్వు వాసనని పువ్వునుంచి విడదీయడం. జడలో మాలకి వాసనొకటే కాదు, చూపు కూడా ఉంది. అది కనపడగానే ముత్తైదువా, కన్నెపిల్లా అని ఊరు లెక్కలేసుకుంటుంది. మణికట్టు మీది చుక్కకి ఆ లెక్కలు అంటవు. మల్లెవాసన పెళ్లయినవాళ్ల ఆస్తిగా ఉండటం అక్కడితో ఆగిపోతుంది. విధవరాలు పూసుకోవచ్చు, నేనూ పూసుకోవచ్చు.

దీన్ని విముక్తి అనేయడానికి నాకు మనసొప్పదు. ‘అగుపడదు కదేటి’లో సంతోషం ఎంతుందో భయమూ అంతే ఉంది. కనపడకుండా అనుభవించాల్సి రావడం స్వేచ్ఛ ఎలా అవుతుంది? పైగా ఈ పనికి గూచీయే అక్కర్లేదు, బజార్లో దొరికే చిన్న అత్తరుబుడ్డీ చేస్తుంది. నిజంగా మారాల్సింది సీసా కాదు, ఆ మూర మాల ఆవిడ జడలోకి వెళ్లకుండా అడ్డుపడే మన చూపు.

రాధామనోహరానికి లిన్నేయస్ కాలం నుంచీ ఉన్న శాస్త్రీయ నామం క్విస్‌క్వాలిస్. ఇప్పుడు ఆ మొక్కని కాంబ్రీటమ్ కుటుంబీకుల్లో కలిపి పేరు మార్చారు గానీ, పాత పేరే నాకిష్టం. లాటిన్‌లో ఆ రెండు ముక్కలకీ ‘ఎవరు? ఎలాంటివారు?’ అని అర్థం. పువ్వు పేరే ఒక ప్రశ్న. దానికి ప్రకటనలు రాసేవాళ్లు నాలుగు విశేషణాలతో జవాబిచ్చేశారు. మన ఊళ్లు అంతకన్నా ముందే పెళ్లితో, తాళితో జవాబిచ్చేశాయి. ఇద్దరూ పూసుకున్న మనిషిని మాత్రం అడగలేదు.

బ్లూమ్ కొనమంటారా అంటే, లిల్లీ వాసన ఇష్టమైతే కొనండి. రాధామనోహరం కోసమే అయితే డబ్బు వృథా, చీకటి పడ్డాక ఆ తీగున్న ఏ గోడ పక్కనైనా నిలబడితే చాలు. నా సీసా ఇప్పుడు నర్సీపట్నంలో, పెద్దమ్మ బీరువాలో ఉంది. సగానికి దిగిందట.