చక్రాల మీద వంటిల్లు

రాప్తాడులో హైవే పక్కన నిలబడితే బెంగుళూరు బస్సులు కనిపిస్తాయి. వేరుశనగ ఎండిన ఏడు మూటలతో జనం వాటిల్లో ఎక్కుతారు, ఇళ్ళకి తాళాలేసి. మా పక్కింటి అవ్వ కొంగున అలాంటి తాళంచెవులు నాలుగున్నాయి.

అందుకేనేమో, 2020లో వచ్చిన ‘నొమాడ్‌లాండ్’ సినిమా చూస్తూ మొదట విసుక్కున్నాను. ఫ్యాక్టరీ మూతపడి, భర్త పోయి, ఊరే ఖాళీ అయిన ఫెర్న్ పాత వ్యానుని బాగుచేసుకుని అందులోనే కాపురం పెడుతుంది. తోబుట్టువు ఉండిపొమ్మంటుంది, స్నేహితుడూ అంటాడు. ఉండదు! పిలిచేవాళ్ళున్న మనిషిదేం కష్టం అనుకున్నాను.

కానీ ఆ వ్యాను లోపల చూడాలి. ప్రతి గిన్నెకీ తను అమర్చుకున్న చోటుంది. తండ్రి ఇచ్చిన పింగాణీ పళ్ళేలు ఆ స్నేహితుడు సాయం చేయబోయి పగలగొడితే మండిపడుతుంది. తర్వాత కూర్చుని ముక్కలు అతికించుకుంటుంది. దర్శకురాలు క్లోయీ జావోకి వంటిల్లు తెలుసు. మెక్‌డోర్మండ్ నటన సంగతి చెప్పనే అక్కర్లేదు. అసలు మన వంటింట్లో అర ఎంత ఎత్తున ఉండాలో మనల్ని అడిగిందెవరు చెప్పండి?

ఒక్కటి మాత్రం నచ్చలేదు. ఆ వయసులో అమెజాన్ గోదాములో చాకిరీని సినిమా తేలిగ్గా దాటేసింది. మూలమైన జెస్సికా బ్రూడర్ 2017 నాటి పుస్తకంలో ఒళ్ళునొప్పులూ, మాత్రలూ అన్నీ ఉన్నాయి. మూడు ఆస్కార్లొచ్చిన సినిమాకి నడుంనొప్పి కనబడలేదు!

కథంతా అవ్వకి చెప్పాను. అంతా విని, “మరి ఆయమ్మకు నీళ్ళు యాడియమ్మా?” అంది.

అది నేను చూసుకోలేదు.