నీటికి దారి చూపు నేర్పు

విశాఖపట్టణము వంటి తీరనగరములలో, వేసవిగాలియందలి తేమ ఏసీ లోపలి కూలింగు కాయిలుపై బిందువులై, గంటకు లీటరుకు మించియు స్రవించుచుండఁగా, ఆ నీటిని గోడకు సోఁకనీయక వెలుపలికిఁ బంపు సన్నని డ్రెయిన్ పైపు నమర్చు మెకానిక్కు నైపుణ్యము మిక్కిలి శ్లాఘనీయము.

మీటరుకు సెంటీమీటరైనను వాలు లేనిచో నీరు నిలుచును. నిలిచినచోట ధూళియు నాచును జేరి మార్గమును మూయును. కాయిలు క్రింది ట్రే నిండి పొరలిన నీరు గోడలోనికిఁ జొచ్చి, పెయింటు పొక్కి, బూజు పట్టువఱకు గృహస్థునకుఁ దెలియదు.

మెకానిక్కో, గోడకు అరచేయి ఆన్చి చెమ్మ నెఱిఁగి, బ్లోయరుతోఁ బైపును శుభ్రపఱచి, చెంబెఁడు నీరు ట్రేలోఁ బోసి, అది వెలుపల ధారగాఁ బడువఱకు నిచ్చెన దిగఁడు. చల్లదనమును మెచ్చుకొను మనము, దాని చెమ్మనుండి గృహమును గాపాడు ఈ శ్రామికునకుఁ గూలితోపాటు గౌరవమును సమర్పింపవలెను.